పరాయి వేవిళ్ళు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నేను పలక పట్టింది యాభై దాటాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. రాయడమూ నత్తనడకే, ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదవండి. ఇది జరిగిన కథ కాదు. రాబోయే కాలంలో ఇలాంటిది ఒకటి వస్తే మన ఆడవాళ్ళ గతి ఎలా ఉంటుందోనని అల్లుకున్నది.

*

పైడమ్మ చేతికి కడియం తొడిగిన రోజున డాక్టర్ హైమవతి తన చేతిని మంచుముక్కల గిన్నెలో ముంచింది. ముంచింది ఆవిడ, కెవ్వుమన్నది పైడమ్మ.

"ఓలమ్మో! నా సెయ్యి కొరికేస్తంది!"

గదిలో ఉన్న పన్నెండు మంది ఆడవాళ్ళూ బెదిరిపోయి గోడకు అతుక్కున్నారు. డాక్టరు మాత్రం మోచేతిదాకా మంచులో పెట్టుకుని నవ్వుతూ నిలబడింది. ఆవిడ మెడ వెనక, చర్మం కింద, బియ్యపుగింజంత గింజ ఒకటి ఉంది.

"బాధ అంటే నరాల మీద నడిచే కబురు," అంది డాక్టరు. "ఈ గింజ దారి కాచి ఆ కబురును పట్టుకుంటుంది. పట్టుకుని మీ కడియానికి పంపుతుంది. చెయ్యి నాదే, చలి నాదే. కబురు మాత్రం మీకు చేరుతుంది."

"అంటే మింగీది ఒకలు, కక్కీది ఇంకొకలు. అంతే గదేటమ్మా?" అంది నీలవేణి. గోనె మిల్లులో పైడమ్మ పక్క మగ్గం ఆవిడదే. నోటికి తాళం లేని మనిషి.

"అంతే," అంది డాక్టరు.

గోనె మిల్లు మూతపడి ఆరేళ్ళయింది. విజయనగరం ఊరి చివర, మిల్లు గోడౌన్లు ఉండే చోటే ఇప్పుడు తేలిక కేంద్రం వచ్చింది. అనుకోకుండా పొరపాటు జరిగి, కడుపు నిలుస్తుందేమోనని భయపడే ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇస్తారు. మిల్లు ఆడవాళ్ళు దాన్ని మూడు రోజుల బిళ్ళ అంటారు, మూడు రోజుల్లోపు వేసుకోవాలి కనుక. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఆ మాత్ర వల్ల కొందరికి వికారం, తలనొప్పి, కళ్ళు తిరగడం, రొమ్ముల సలుపు వస్తాయి. రెండు రోజులుండి పోతాయి. ఆ రెండు రోజులకే భయపడి, మాత్ర జోలికి రాకుండా ఉండిపోయేవాళ్ళు ఎంతమందో. వాళ్ళ కోసమే హైమవతి పదకొండేళ్ళు కూర్చుని ఈ గింజనూ కడియాన్నీ తయారుచేసింది. మాత్ర వేసుకునే మనిషి మెడలో గింజ, డబ్బు తీసుకుని బాధ మోసే మనిషి చేతికి కడియం. ఒకరి మొహం ఒకరికి తెలియదు. నంబర్లే తెలుస్తాయి.

పాఠాలు మూడు రోజులు జరిగాయి. చదువు రాని వాళ్ళ కోసం డాక్టరు సుద్దముక్కతో బొమ్మలు గీసింది.

"మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే మందు బయటికి పోయినట్టే. మళ్ళీ వేసుకోవాలి."

"మరి నాను కక్కితేనో?" అంది నీలవేణి.

"మీరు కక్కితే మీరు తిన్న ఇడ్లీ పోతుంది. మాత్ర ఆవిడ కడుపులోనే భద్రంగా ఉంటుంది."

అందరూ నవ్వారు. డాక్టరు నవ్వుతూనే ఇంకో బొమ్మ గీసింది. ఆడదాని కడుపు, గర్భసంచి, రెండు పక్కలా రెండు గొట్టాలు. ఈ మాత్ర గుడ్డు విడుదలను కొన్నాళ్ళు వాయిదా వేస్తుందని, గుడ్డు అప్పటికే దిగిపోతే ఏమీ చేయలేదని, నిలిచిన కడుపును పోగొట్టలేదని చెప్పింది. క్షయ మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్ళకు దీని బలం తగ్గుతుంది, ముందే అడగాలని చెప్పింది. తర్వాతి నెలసరి ఓ వారం ముందైనా రావచ్చు, వెనకైనా రావచ్చు. మధ్యలో కొంచెం రక్తం కనపడవచ్చు. అది చూసి నెలసరి అయిపోయిందని పొరబడకూడదు. చివర, గొట్టం మీద సుద్దతో ఒక చుక్క పెట్టింది.

"ఎప్పుడో ఒకసారి, ఎవరికో ఒకరికి, పిండం సంచిలోకి రాకుండా ఇక్కడే నిలిచిపోతుంది. మాత్ర వేసుకున్నవాళ్ళకనే కాదు, ఎవరికైనా జరగొచ్చు. అప్పుడు పొత్తికడుపులో ఒక పక్కనే పొడిచినట్టుంటుంది. భుజం కొస లాగుతుంది. గొట్టం పగిలితే లోపలే రక్తం కారి మనిషి పోతుంది. అలాంటి నొప్పి వస్తే పగలనక రాత్రనక పరుగెత్తుకు రండి."

పైడమ్మ ఒక ప్రశ్న అడగాలనుకుంది. గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఆమె ఆ బిళ్ళ రెండుసార్లు వేసుకుంది. మిల్లులో కడుపుతో ఉన్నవాళ్ళ ఉద్యోగం ఖాయం చేసేవారు కాదు. ఒక్క ఏడాది ఆగుదామని భార్యాభర్తలు ఇద్దరూ అనుకున్నారు. ఏడాది తర్వాత ఆగనవసరం లేకపోయింది, కానీ కడుపు రాలేదు. మాత్ర తాలూకు రేకు ఒకటి ట్రంకుపెట్టె అడుగున అత్తకు దొరికింది. "ఆ బిళ్ళే నీ కడుపు మాడ్సీసింది," అంది ఆ ముసలామె. చచ్చిపోయేదాకా అదే మాట అంది. ఆమె పోయాక ఆ మాటను పైడమ్మే తనకు తాను అనుకుంటూ వచ్చింది. మొక్కని దేవత లేదు, ఎక్కని ఆస్పత్రి లేదు. తప్పెక్కడుందో ఎవరూ తేల్చలేదు. తేల్చనిచోట బిళ్ళే మిగిలింది.

ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఇంక ఎవరినీ ఏమీ అడగడం మానేసింది.

*

నూట పదిహేడో నంబరు పైడమ్మ మోసిన నాలుగో మనిషి.

మొదటి రోజు వికారం, రెండో రోజు తలనొప్పి, మూడో రోజు ఏమీ లేదు. మామూలే. నెలసరి వచ్చేదాకా కడియం ఉంచుకోవాలి, అది నియమం. పది రోజులకు పొత్తికడుపులో కాస్త మెలిపెట్టి వదిలేసింది. ఆ నూట పదిహేడో నంబరు అమ్మాయి కేంద్రానికి ఫోను చేసి, "నాకు వచ్చేసిందండి, వారం ముందే వచ్చింది," అని చెప్పిందట. కాగితం మూసేశారు. శుక్రవారం కడియం తెచ్చి ఇమ్మని పైడమ్మకు కబురు వచ్చింది.

శుక్రవారం! పొద్దున్నే తలంటుకుని, గడపకు పసుపు రాసి, గాజులకు రాసిన పసుపే కడియానికీ రాసింది ఆమె. ముత్తైదువ శుక్రవారం పూట చేతికున్నది తీసి పరాయివాళ్ళ చేతిలో పెడుతుందా? పదకొండేళ్ళు ఆలోచించి కడియం చేసిన డాక్టరుకు ఈ సంగతి తోచలేదు. కేంద్రంలో మోసే ఆడవాళ్ళెవరూ శుక్రవారం కడియం ఇవ్వరు. మంగళవారమూ ఇవ్వరు. ఏవో కారణాలు చెప్పి తప్పించుకుంటారు. మర్నాడు రెండో శనివారం, ఆ పైన ఆదివారం. సోమవారం వెళితే, కడియాలు దాచే గది తాళం చెవి తీసుకుని గుమాస్తా సెలవు మీద పోయాడన్నారు. "బుధారం రామ్మా," అన్నారు.

మంగళవారం పొద్దున్న ఎనిమిది గంటలకు పైడమ్మ పోపు వేస్తోంది. ఆవాలు చిటపటమన్నాయి. ఆ వాసన ముక్కుకు తగలగానే పేగులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పెరట్లోకి పరుగెత్తింది.

కడుగుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. ఇది మాత్ర వికారం కాదని ఆమెకు తెలుసు. ఆ వికారం ఎలా ఉంటుందో నాలుగుసార్లు మోసి చూసింది. అది పొట్టలోంచి వస్తుంది. ఇది ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఒళ్ళంతా మెత్తగా అయింది, రొమ్ములు బరువెక్కాయి. నోట్లో ఇనుప రుచి. వీధిలో నీలవేణి కోడలు ఈ లక్షణాలన్నీ ఏకరువు పెడుతుంటే పైడమ్మ తలుపు చాటున నిలబడి విన్న రోజులున్నాయి.

బుధవారం ఆమె కేంద్రానికి వెళ్ళలేదు. ఆ వారమూ వెళ్ళలేదు. మూసేసిన కాగితం గురించి అడిగే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. బాధ లేదు కదా అని నెలకు రెండేసిసార్లు మాత్రకు వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. "ఇది ఆపదలో వాడేది, ప్రతిసారీ వాడేది కాదు, దానికి వేరే మార్గాలున్నాయి," అని హైమవతి గొంతు పోయేలా చెబుతున్నా వినేవాళ్ళు లేరు.

ఆ తర్వాత మూడు వారాలు పైడమ్మ ఎలా బతికిందో చెప్పడం నాకు కష్టం. పొద్దున లేవగానే వాంతి అవుతుందేమోనని ఎదురుచూసేది. అయితే సంతోషం. ఎనిమిదయినా కాకపోతే ఇంకోసారి ఆవాలు వేయించేది. చింతచిగురు మీద మనసు పోయేది. మంచినీళ్ళు కూడా వెగటు పుట్టేవి. అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, ఏమీ లేని పొట్ట మీద చెయ్యి వేసుకునేది. కడుపు తనది కాదు. కడుపులోది తనది కాదు. వికారం మాత్రం తనదే, దాన్ని ఎవరూ లాక్కోలేరు.

ఆమె మొగుడు ఎర్రినాయుడు సామాన్ల ఆటో నడుపుతాడు. మాటకారి కాదు గాని గుడ్డివాడు కాడు.

"ఆ కడియం ఎప్పుడో ఇచ్చీమన్నారు గదే," అన్నాడు ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని.

"ఇస్తాను."

"ఎప్పుడు?"

"ఇంకొక్క వారం ఉంచుకుంటాను మావా."

అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. ఆ మొహం పంతొమ్మిదేళ్ళ కిందటిది. అన్నం తిని లేచిపోయాడు. సాయంత్రం ఆటో దిగి వస్తూ కండువా మూటలోంచి నాలుగు పచ్చి మామిడికాయలు తీసి గట్టు మీద పెట్టాడు.

"దారిలో సెట్టుకి కనబడ్డాయి. నీకు పుల్లటివి తినబుద్ధేస్తాదేమోనని."

పైడమ్మ కాయలకేసి చూసింది. ఆ తర్వాత చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడస్తావేటే ఎర్రిదానా. ఉప్పూ కారం తే, నానూ తింతాను."

ఇద్దరూ ఒకే కాయను కోసుకుని తిన్నారు. ఎంత పుల్లగా ఉందో అంత తియ్యగా ఉంది. కాయ అయిపోయాక నాయుడు టెంకను పట్టుకుని చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు.

"పైడీ, ఆ గుంటకి తెలుసునా?"

"ఎవలికి?"

"కడుపుతో ఉన్న గుంటకి."

"తెలిసే ఉంటాది. ఆడదానికి తెలవకుంటాదేటి?"

"ఎలగ తెలస్తాదే? ఏవిళ్ళు నీకు గదా వస్తన్నాయి."

ఆమె కత్తిపీట కడగడానికన్నట్టు లేచి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆమె వెంటే వెళ్ళింది. ఆ అమ్మాయి నెలసరి వచ్చిందనుకుని నిశ్చింతగా ఉంది. కావాలో వద్దో ఆలోచించుకోవాల్సిన రోజులు ఒక్కొక్కటే పోతున్నాయి, అవి పోతున్నట్టు ఆ పిల్లకు తెలియదు. తెలిసింది తనకు ఒక్కదానికే. రేపు చెబుతాననుకుంది. రేపు వచ్చింది. పొద్దున్నే వాంతి అయింది. సంతోషంలో మళ్ళీ రేపటికి వాయిదా వేసింది.

*

మూడు వారాలు తిరిగాక, గురువారం పొద్దున్న పైడమ్మ కుళాయి దగ్గర వరసలో ఉంది. బిందె వంతు వచ్చి వంగబోయింది. పొత్తికడుపులో ఎడమ పక్క ఎవరో కొడవలి పెట్టి లాగినట్టయింది. బిందె దొర్లిపోయింది.

"ఏటయినాదే?" నీలవేణి పట్టుకుంది.

నొప్పి ఒక పక్కనే ఉంది. రెండో పక్కన ఏమీ లేదు. ఊపిరి పీలిస్తే ఎడమ భుజం కొస గుంజింది. నల్లబల్ల మీద సుద్దతో గీసిన గొట్టం, గొట్టం మీద పెట్టిన చుక్క, కళ్ళ ముందు నిలబడ్డాయి.

"నీలేణీ, బేగి ఆటో పిలువు. కేంద్రానికి పోవాల."

"కేంద్రానికేటి, పెద్దాస్పత్రికి పోదాం! నువ్వు సచ్చీలా ఉన్నావు."

"సచ్చీది నాను కాదే!" అని అరిచింది పైడమ్మ. "ఆ గుంట! దానికి ఏటీ తెల్దు! అది నవ్వుకుంటూ తిరగతంటాది!"

నాయుడు మూడు వీధుల అవతల సామాను దించుతున్నాడు. కబురు అందగానే బస్తాలు రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు. కేంద్రం గుమ్మం దగ్గర ఆటో ఆగీ ఆగకముందే పైడమ్మ పొట్ట పట్టుకుని దిగింది. డాక్టర్ హైమవతి చేతిలో టీ గ్లాసు ఉంది. పైడమ్మ చేతికి కడియం చూసి ఆవిడ మొహం మారింది.

"ఇది నెల కిందట ఇవ్వాల్సింది కదా?"

"నన్ను తరవాత తిట్టండమ్మా. నూట పదిహేడు. కడుపుతో ఉన్నాది. గొట్టంలో ఉన్నాది. ఎడమ పక్క. బుజం లాగతంది."

హైమవతి టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో చూసుకోలేదు. కాగితాల్లో నంబరు వెతికి ఫోను చేసింది, అందరికీ వినపడేలా పెట్టింది. ఆ అమ్మాయి పేరు ప్రవల్లిక. చిన్నపిల్లల బడిలో టీచరు.

"హలో మేడమ్! బాగున్నారా?" గొంతు హుషారుగా ఉంది. వెనకాల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"అమ్మా ప్రవల్లికా, నువ్వు వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. కడుపు నిలిచినట్టుంది, అది కూడా ట్యూబులో నిలిచినట్టుంది. లోపల రక్తం కారుతోందేమో."

"నాకా? అయ్యో, లేదు మేడమ్, నాకు అప్పుడే వచ్చేసింది కదా. కొంచెమే అయిందనుకోండి."

"అది నెలసరి అయి ఉండదు. ఆ తర్వాత మళ్ళీ వచ్చిందా?"

"లేదు... మాత్ర వల్ల తేదీలు అటూ ఇటూ అవుతాయన్నారు కదా, అనుకున్నాను. కానీ మేడమ్, నాకు నిజంగా ఏమీ లేదు. ఒక్క నొప్పి లేదు, వికారం లేదు. నా ఒంట్లో నాకు తెలీదా? కొంచెం నీరసంగా ఉంది, అంతే. సాయంత్రం బడి అయ్యాక వస్తాను, ఇవాళ పరీక్షలు."

పైడమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని వంకరలు తిరిగిపోతోంది. సాయంత్రం! ఆ నొప్పి ఎలాంటిదో తెలిసినదానికి సాయంత్రం అన్న మాట ఎంత దూరంగా వినిపించిందో.

"నమ్మదు," అంది హైమవతి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి. "అంబులెన్సు పంపిస్తాను. బడి పక్క ఊళ్ళో ఉంది, ముప్పావుగంట పడుతుంది. అసలు ఎక్కుతుందో ఎక్కదో."

"కడియం తీసెయ్యనా?"

డాక్టరు తలెత్తింది. కడియం ఎప్పుడూ మెల్లిగా, పావుగంట పాటు వదులు చేస్తూ తీయాలి. ఒక్కసారిగా తీస్తే ఆపిన బాధంతా ఒక్కసారే గింజ ఉన్న మనిషి మీద పడుతుంది. అది పాఠాల్లో చెప్పిన మాటే. ఇంకో మాట డాక్టరు చెప్పలేదు, పైడమ్మకు తెలిసినది. తీసేస్తే అంతా అయిపోతుంది. రేపు పొద్దున్న ఎనిమిది గంటలకు పోపు వాసన ఉత్త పోపు వాసనే.

హైమవతి ఫోను మీంచి చెయ్యి తీసింది. "ప్రవల్లికా, నీ పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఆయా ఉంది మేడమ్. ఎందుకు?"

"కింద కూర్చో. కుర్చీలో కాదు, నేల మీద. ఆయాను నిన్ను పట్టుకోమను. నీ బాధ నీకు వెనక్కి ఇస్తున్నాం. భయపడకు. కూర్చున్నావా?"

"కూర్చున్నాను. మేడమ్, మీరేంటో నన్ను..."

డాక్టరు చెయ్యి చాచింది. పైడమ్మ తల అడ్డంగా ఊపింది.

"నానే తీస్తాను."

కడియం నోరు నొక్కి తెరిచింది. ఇనుము చర్మానికి అతుక్కుపోయి, ఊడి వచ్చేటప్పుడు పసుపు గీత ఒకటి మిగిల్చింది. నొప్పి పోయింది. తగ్గి పోలేదు, దీపం ఆర్పినట్టు పోయింది. వికారం పోయింది. రొమ్ముల బరువు, నోటిలో ఇనుప రుచి, ఒంటి మెత్తదనం, అన్నీ పోయాయి. ఆమె ఒళ్ళు ఊడ్చిన ఇల్లులా అయింది.

ఫోనులో ఎక్కాలు ఆగిపోయాయి. ప్రవల్లిక కేక వినపడింది. ఆ కేక పైడమ్మ ఇంతసేపూ పళ్ళ బిగువున ఆపుకున్నదే.

*

బతికింది. మరో గంట ఆగుంటే చెప్పలేమన్నారు ఆస్పత్రిలో. పొట్టలో సీసాడు రక్తం ఉందట. ఎడమ గొట్టం తీసేశారు.

సాయంత్రందాకా పైడమ్మ కేంద్రం వరండాలోనే కూర్చుంది. నాయుడు పక్కనే గోడకు ఆనుకుని ఉన్నాడు. హైమవతి బయటికి వచ్చి వాళ్ళ ఎదురుగా నేల మీదే కూర్చుంది. జుట్టు రేగిపోయి, ఒక్క పూటలో పదేళ్ళు పైబడినట్టుంది.

"తిట్టండమ్మా," అంది పైడమ్మ. "మూడు వారాలు దాసినాను. నా మూలాన ఆ గుంట పోయీది."

"ముందే చెప్పుంటే కోత లేకుండా మందుతోనే నయమయ్యేదేమో. అది నిజం. దాన్ని నేను కాదనను. కానీ ఆ కబురును ఆ పిల్ల దగ్గర్నుంచి లాక్కున్నది నేను. నీలా ఇవ్వకుండా ఉంచుకున్న కడియాలు ఇంకెన్ని ఉన్నాయో, వాటి తాలూకు గింజలున్నవాళ్ళ సంగతేమిటా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. గింజ మెడలో ఉన్నన్నాళ్ళూ, కాగితం మూసినా తెరిచినా, ఏ నొప్పి ఎటు పోతోందో... రేపటి నుంచి గింజలన్నీ తీసేస్తున్నాం."

"అది సంచిలో ఉండుంటే?" అంది పైడమ్మ.

"సంచిలో లేదు పైడమ్మా. మొదటి రోజు నుంచీ లేదు. అది ఎప్పటికీ బిడ్డ అయ్యేది కాదు."

పైడమ్మ తన ఒళ్ళోకి చూసుకుంది. తర్వాత, పంతొమ్మిదేళ్ళుగా గొంతులో ఉన్న ప్రశ్న దానంతట అదే బయటికి వచ్చింది.

"అమ్మా, కొత్తలో నాను ఆ బిళ్ళ రెండుసార్లు ఏసుకున్నాను. నాకు పిల్లలు నేకపోడానికి అదేనా?"

హైమవతి ఆమెకేసి తెల్లబోయి చూసింది. "ఎవరు చెప్పారు నీకు? ఆ మాత్ర జాడ వారం తిరిగేసరికి ఒంట్లో ఉండదు. గర్భసంచికి దాని వల్ల ఏమీ కాదు. నువ్వు వందమందిని అడుగు, వందమందీ ఇదే చెబుతారు."

"మరి ఎందుకు రానేదు?"

"తెలీదు. నీలోనే ఉండాలని కూడా లేదు. అతనికి పరీక్ష చేశారా?"

ఎర్రినాయుడు తల వంచుకున్నాడు. ఎవరూ చేయలేదు. ఎవరూ అడగలేదు. ఇన్ని ఆస్పత్రుల్లో, ఇన్నేళ్ళలో, బల్ల మీద పడుకోమన్నది పైడమ్మనే.

"నాకు సేయించుకోవాలని అనిపించనేదు," అన్నాడతను నేలకేసి చూస్తూ. "బయమేసినాది. అమ్మ అలగంటంటే... నాను కాదనాల్సింది. కాదననేదు."

పైడమ్మ అతన్ని చూసింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ పొద్దున్నుంచీ ఏమీ తినని ఒంట్లో అది నిలబడలేక కూలబడింది. "లే, ఇంటికి పోదాం," అంది.

*

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పది గంటల వేళ వీధి గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. సన్నగా ఉంది, చేతిలో అరటిపళ్ళ సంచి.

"పైడమ్మగారి ఇల్లు ఇదేనాండి? నేను ప్రవల్లికని."

పేరు చెప్పకపోయినా పైడమ్మ పోల్చుకునేదేమో. ఆ గొంతును కేకగా విన్నది ఆమె.

"లోపలికి రా అమ్మా. కూకో. ఇంకా నొప్పి ఉన్నాదేటి?"

"లేదండి. కుట్లు మానిపోయాయి. రెండో గొట్టం బాగుందట, మళ్ళీ నిలవొచ్చన్నారు. మాకు ఇప్పుడే వద్దు. ఈసారి మాత్రల మీద ఆధారపడకుండా, డాక్టరుగారితో మాట్లాడి వేరే ఏర్పాటు చేసుకున్నాం."

"మంచిపని సేసినారు."

పైడమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అమ్మాయి గ్లాసు పట్టుకుని తాగలేదు. చెప్పాలనుకున్నది ఎలా మొదలుపెట్టాలో తెలియక చాప అంచు లాగుతూ కూర్చుంది. పైడమ్మకు అంతకన్నా భయంగా ఉంది. తిట్టడానికి వచ్చిందనుకుంది. తిట్టనీ, తిట్టాల్సిందే.

"నాను నీకు సెప్పకుండా దాసినాను తల్లీ," అని తనే అంది. "మూడు వారాలు. నాకు పిల్లల్లేరు. ఆ ఏవిళ్ళు పోతాయని..."

"డాక్టరుగారు చెప్పారండి." ప్రవల్లిక తలెత్తింది. "మొదట చాలా కోపం వచ్చింది. మిమ్మల్ని చూడకూడదనుకున్నాను. ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ నేను వచ్చింది దానికి కాదు."

"మరి?"

"నేను వద్దనుకునే మాత్ర వేసుకున్నాను. ఇప్పుడు కూడా కావాల్సిందని అనట్లేదు. కానీ... నా ఒంట్లో ఏదో వచ్చి వెళ్ళిపోయింది. నాకు ఒక్కరోజు కూడా తెలీలేదు. చివరి నొప్పి ఒక్కటే తెలిసింది. మా అత్తగారు అడుగుతారు, ఎలా ఉండేదమ్మా, వాంతులయ్యేవా అని. మా ఆయన అడుగుతారు. ఏం చెప్పను? నాకేం గుర్తుంది?" ఆమె చాప అంచు వదిలేసింది. "మీకు తెలుసు. అది ఎలా ఉండేదో మీకు ఒక్కరికే తెలుసు. నాకు చెప్తారా?"

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. పైడమ్మ లేచి, గ్లాసు అమ్మాయి చేతిలోంచి తీసి పక్కన పెట్టి, ఎదురుగా మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చుంది.

"మంగళారం నాడు మొదలయినాది," అంది. "ఎనిమిది గంటలకి. పోపులో ఆవాలు ఏసినాను. ఎప్పుడూ ఏసేవే. ఆ వాసనకి కడుపులోంచి ఒక అల లేసినాది సూడు... బయమెయ్యనేదు నాకు. ఎవలో తలుపు కొట్టినట్టున్నాది. నోట్లో ఇనప రుసి. రూపాయి బిళ్ళ నాలిక మీద పెట్టుకున్నట్టు. నీకు సింతసిగురు ఇష్టమా అమ్మా?"

"నాకు అసలు పడదండి."

"మరదే. నాకూ పెద్ద ఇష్టం నేదు. అప్పుడు మాత్రం అదే కావాలనిపించీది. ఒకనాడు మామిడికాయ తిన్నాను, మా ఆయన తెచ్చినాడు..."

ప్రవల్లిక కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. పైడమ్మ మాట తగ్గించింది.

"ఆపకండి," అంది ఆ అమ్మాయి.

పైడమ్మ ఆపలేదు. బుధవారం సంగతి మొదలుపెట్టింది.

— బొడ్డు సూర్యకాంతమ్మ, డెబ్భై ఒకటో ఏడు. ఇప్పుడు ఉంటున్నది బొబ్బిలిలో, మా చెల్లెలి కూతురి దగ్గర.